పాత బాయిలరును దించిన తరువాత

(నాదర్‌గుల్‌లో పాల సంఘ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



పాడి గురించి మాట్లాడాలంటే దాణా గురించి, పచ్చిగడ్డి గురించి, గాలికుంటు టీకాల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. పశువుల డాక్టరుగారు మాకంటే ఎంతో బాగా చెబుతారు. మమ్మల్ని మాత్రం మా ఇంటి ఉడుకు నీళ్ళ సంగతి చెప్పమన్నారు. పాలకూ ఉడుకు నీళ్ళకూ ఏమి సంబంధమని కొందరికి తోచవచ్చు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచే ఆడవారికి ఆ సంబంధం ఒకరు చెప్పనక్కరలేదు.

మేము అంటున్నది మా ఇంటిల్లిపాదినీ కలిపి. ఆరు బర్రెలు, అయిదుగురు మనుషులు. పాలు పితికేది ఒకరు, క్యాన్లు కడిగేది మరొకరు, నిప్పు రాజేసేది ఇంకొకరు. అందువల్ల ఒకరి పేరు మీద చెప్పడం న్యాయం కాదు.

మా ఇంట్లో ఉన్నది రాగి బాయిలరు. ఈ సభలో ఉన్న పెద్దలందరి ఇళ్ళలోనూ ఒకప్పుడు ఉన్నదే. నడుమ నిప్పు గొట్టం, అడుగున బూడిద రాలే జల్లెడ, పైన గరాటు, పక్కన తూము. గరాటులో ఒక చెంబు చల్లనీళ్ళు పోస్తే అవి లోపలి గొట్టం వెంట అడుగుకు దిగిపోతాయి. పైకి తేలి ఉన్న ఉడుకు నీళ్ళు అంతే కొలతలో తూము గుండా బయటకు వస్తాయి. కుళాయి లేదు, మోటారు లేదు. వేడినీళ్ళు తేలిక, చల్లనీళ్ళు బరువు అన్న ఒక్క సూత్రం మీద కంచరివారు చేసిన పనిముట్టు అది. దానిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. పై గరాటు తెరిచి ఉన్నంతవరకు లోపల ఆవిరి బిగుసుకోదు, పేలదు. ఈనాటి గీజర్లకు వాల్వు పెట్టి సాధించేదాన్ని అది నోరు తెరుచుకొని సాధించింది. కొందరు నీళ్ళు చిందుతున్నాయని గరాటుకు మూత బిగించి, తూముకు కుళాయి పెడుతుంటారు. ఆ పని ఎన్నడూ చేయరాదు.

బాయిలరు పక్కన ఇటుకలతో కట్టి సిమెంటు పూసిన తొట్టి ఒకటి ఉండేది. కాగిన నీళ్ళు అందులోకి తోడి, పైన రేకు కప్పేవాళ్ళం. గంట గడిచేసరికి సగం వేడి గోడలే తాగేవి.

ఈ ఏర్పాటు ఎందుకు మార్చవలసి వచ్చిందంటే, మొదటి కారణం నీళ్ళు. మన ప్రాంతమంతా నల్లరాతి నేల. బోరు నీళ్ళలో సున్నం పాలు ఎక్కువ. కృష్ణా నీళ్ళు 2004లో నగరానికి వచ్చినా, చుట్టుపక్కల ఊళ్ళలో పశువుల కొట్టాలకు ఎక్కువగా బోరే దిక్కు. ఉప్పునీళ్ళను కాచినప్పుడు అందులో కరిగి ఉన్న సున్నం విడిపోయి లోహానికి అంటుకుంటుంది. 60 డిగ్రీలు దాటిందంటే ఇంకా తొందరగా అంటుకుంటుంది. మా బాయిలరు నిప్పు గొట్టం చుట్టూ వేలి మందాన రాయి కట్టింది. ఆ రాయి వేడిని లోపలికి పోనివ్వదు. నిప్పు తగిలే చోట రాగి మితిమీరి కాలుతుంది. చివరకు అడుగు అతుకు విడిచింది. నీళ్ళు చుక్కచుక్కగా నిప్పు మీద పడటం, నిప్పు ఆరిపోవడం. రెండుసార్లు అతుకు పెట్టించాము. మూడోసారి అతుకు పెట్టేవారు పెదవి విరిచారు. ఆ పని తెలిసినవారే అరుదైపోయారు.

రెండో కారణం కట్టె. గుర్రంగూడ వైపు నుంచి తుమ్మ మొద్దులు, సర్కారు తుమ్మ కంప మోపులకొద్దీ వచ్చిన రోజులు పోయాయి. శిక్షణ విమానాల మైదానంతో పేరుపడ్డ మన ఊరు ఇప్పుడు ప్లాట్లకు పేరుపడింది. పొలాలు కాలనీలయ్యాయి. ఇవతల మా కొట్టం, అవతల మూడంతస్తుల మేడ. పొగ వారి కిటికీలోకి పోతుంది. వారు అడిగేదీ న్యాయమే. అయితే ఆ పొగ ముందుగా ఎవరి కళ్ళలోకి, ఎవరి ఊపిరిలోకి పోయిందో కూడా చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళుగా దాని ముందు కూర్చున్నది మా ఇంటి ఆడవారే.

మూడో కారణం పాలు. మేము ముఖ్యంగా చెప్పవలసింది ఇదే.

నిప్పు ఆరిపోయిన రోజున క్యాన్లు చల్లనీళ్ళతో కడిగి పంపవలసి వచ్చేది. కంటికి శుభ్రంగానే కనిపిస్తాయి. కాని మూత అంచులో, అతుకు సందులో, పిడి కింద పాల జిడ్డు మిగిలి ఉంటుంది. సూక్ష్మజీవులకు అంతకంటే మంచి ఇల్లు లేదు. అనువైన వేడిలో కొన్ని రకాలు అరగంటకు ఒకసారి రెట్టింపవుతాయి. ఒక్కటి నాలుగు గంటల్లో 256 అవుతుంది. క్యానులో లక్షలు మిగిలి ఉంటే ఏమవుతుందో లెక్క కట్టుకోవచ్చు. ఎండాకాలంలో అవి పాలను పుల్లబరిస్తాయి. కాచి చూస్తే విరుగుతాయి. మిథిలీన్ బ్లూ పరీక్షలో నీలం రంగు ఎంత త్వరగా పోతే పాలు అంత చెడిపోయినట్లు లెక్క. వెన్న ఎంత ఉన్నా అప్పుడు ఉపయోగం లేదు. ఒక ఎండాకాలంలో మా పాలు రెండు పూటలు తిరిగి వచ్చాయి. రెండూ బాయిలరు ఆరిన రోజులే. బర్రెకు పెట్టిన దాణా ఖర్చు, పితికిన కష్టం, అన్నీ ఆ పూట మోరీలో పోసినట్లే.

అందుకని మేము మొదట వేసిన ప్రశ్న ఏ కంపెనీది కొనాలని కాదు. ఉదయం నాలుగున్నరకు మాకు ఎన్ని నీళ్ళు, ఎంత వేడివి కావాలి అన్నది. పొదుగులు కడగడానికి బర్రెకు రెండు లీటర్ల చొప్పున పన్నెండు లీటర్లు, అవి గోరువెచ్చగా ఉంటే చాలు. చలికాలంలో చల్లనీళ్ళు తగిలితే బర్రె ముడుచుకుంటుంది, చేపదు. బకెట్లు, క్యాన్లు కడగడానికి ఇరవై లీటర్లు. కుడితిలో కలపడానికి ముప్పై. స్నానాలు ఆ తరువాత. అంతా కలిపితే నూట నలభై లీటర్ల దరిదాపు. వీటిలో నిజంగా మరిగిన నీళ్ళు కావలసింది చివరిగా క్యాన్లను తొలపడానికి పది పదిహేను లీటర్లు మాత్రమే. ఈ లెక్క వేసుకోకుండా దుకాణానికి పోతే దుకాణదారు తన లెక్క చెబుతాడు.

క్యాను కడిగే వరుస కూడా ఇక్కడే చెప్పేస్తాము. చాలామంది మొదటే సలసల కాగే నీళ్ళు పోస్తారు. అలా చేస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి లోహానికి అంటుకుపోతాయి. తోమినా పోవు. ముందు గోరువెచ్చని నీళ్ళతో తొలపాలి. తరువాత చేయి పట్టగలిగినంత వేడి నీళ్ళలో డెయిరీవారు సూచించిన పొడి కలిపి బ్రష్షుతో తోమాలి. మళ్ళీ తొలిపి, చివరగా మరిగే నీళ్ళు పోసి తిప్పి, బోర్లించి, గాలి, ఎండ తగిలేలా బల్లమీద పెట్టాలి. గుడ్డతో తుడవరాదు. అల్యూమినియం క్యాన్లు ఉన్నవారు చాకలి సోడా నీళ్ళు అందులో నానబెట్టరాదు. లోహం నల్లబడి గుంటలు పడుతుంది. ఆ గుంటల్లో మళ్ళీ అదే కథ.

ఇక వేడికి ఏ దారి పట్టాలి? వంద లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 3,500 కిలోకేలరీల వేడి కావాలి. కరెంటు లెక్కలో నాలుగు యూనిట్లు. ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 ఇస్తుంది గాని మా పాత బాయిలరు అందులో నాలుగో వంతు నీళ్ళకు చేర్చితే గొప్ప. అంటే రోజుకు నాలుగైదు కిలోల కట్టె. నెలకు నూట యాభై కిలోల దాకా.

గోబర్ గ్యాసు మంచిది. ఘనమీటరు గ్యాసుకు రోజుకు 25 కిలోల పేడ కావాలి. ఆ గ్యాసు వంద లీటర్ల నీళ్ళను ఇరవై అయిదు డిగ్రీల వరకు వేడెక్కిస్తుంది. స్థలం ఉన్నవారికి మేము మొదట చెప్పేది అదే. మిగిలిన మడ్డి చేనుకు ఎరువవుతుంది. మాకు ఇప్పుడు గొయ్యి తవ్వే చోటు లేదు, మడ్డి పోసే చేనూ లేదు. చలికాలంలో గ్యాసు తగ్గుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

గ్యాసు గీజరు జోలికి మేము పోలేదు. తలుపు మూసిన చిన్న స్నానాల గదిలో అది మండితే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి నిద్రపోయినట్లు ఒరిగిపోతాడు. బొగ్గుల కుంపటికీ ఇదే వర్తిస్తుంది. పెట్టుకున్నవారు దాన్ని గది బయట గాలి ఆడే చోట బిగించుకోవాలి.

బకెట్లో ముంచే కరెంటు కడ్డీ మాట వేరుగా చెప్పాలి. తక్కువ ధరకు వస్తుంది గనుక కొట్టాల్లో వాడుతున్నారు. తడి నేల, ఇనుప గొలుసు, ఇనుప బకెట్టు ఉన్న చోట దానికంటే ప్రమాదం లేదు. మన చేతికి తెలియని చిన్న కరెంటు కూడా పశువుకు తెలుస్తుంది. నాలుగు కాళ్ళు తడి నేల మీద ఉంటాయి. బర్రె ఊరికే తన్నుతున్నది, పాలు ఎగబట్టుతున్నది అనుకుంటాము. ముందు ఎర్తింగు చూపించండి. గీజరు ఏది పెట్టినా సరైన ఎర్తింగు, 16 ఆంపియర్ల ప్లగ్గు, 30 మిల్లీఆంపియర్లకు తెగే రక్షణ స్విచ్చి ఉండి తీరాలి. వీటి ఖర్చు తగ్గించుకోవడం పొదుపు కాదు.

మేము చివరకు పెట్టుకున్నది 200 లీటర్ల సోలారు. దానికి సాయంగా వానాకాలానికి ఒక చిన్న కరెంటు గీజరు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దుకాణాల్లో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి నల్లరేకు కింద సన్నని రాగి గొట్టాలు ఉండే పలక. రెండోది గాజు గొట్టాల వరుస. మన సున్నపు నీళ్ళకు సన్నని రాగి గొట్టాలు కొన్నేళ్ళలో పూడుకుపోతాయి. యాసిడ్ పోసి కడిగించాలి. గాజు గొట్టాలు వెడల్పైనవి. సున్నం అడుగున పేరుకుంటుంది, ఏడాదికి ఒకసారి విప్పి కడుక్కోవచ్చు. అందుకే గాజువి తీసుకున్నాము. అయితే గాజుకు రెండు శత్రువులు. ఒకటి కోతి. రెండోది మిట్టమధ్యాహ్నం. నీళ్ళు లేక కాలిన గొట్టాల్లోకి ఎండవేళ చల్లనీళ్ళు వదిలితే పగులుతాయి. ఒక్క గొట్టం పగిలినా ట్యాంకు మొత్తం ఖాళీ అవుతుంది. బోరు చెడిపోయి ట్యాంకు ఎండితే, తెల్లవారుజామున గాని చీకటి పడ్డాక గాని నింపాలి. కోతుల కోసం మేము పైన ఇనుప వల కట్టించాము. నీడ కొంచెం పడుతుంది. తప్పదు.

ఇందులోనూ పనిచేసే సూత్రం పాత బాయిలరుదే. కాగిన నీళ్ళు పైకి, చల్లనివి కిందికి. అందుకని ట్యాంకు ఎప్పుడూ గొట్టాలకు పైన ఉండాలి, చల్లనీళ్ళ ట్యాంకు దానికీ పైన ఉండాలి. దక్షిణానికి ముఖం పెట్టాలి. మనం 17 డిగ్రీల అక్షాంశం దాటి ఉన్నాము. చలికాలపు వాలు ఎండ పట్టాలంటే ముప్పై డిగ్రీల వాలు మంచిది. ఆవిరి పోయే గొట్టం మూయరాదు. గరాటు గురించి చెప్పిన మాటే ఇది కూడా. బరువు సంగతి చూడండి. నీళ్ళే 200 కిలోలు, ట్యాంకు, చట్రం అదనం. మేస్త్రీని పిలిచి గోడ మీదనో దూలం మీదనో చట్రం కాళ్ళు వచ్చేలా చూడాలి. రేకుల షెడ్డు మీద పెట్టరాదు.

పైపు మాటలో మాకూ ప్లంబరుకూ రెండు రోజులు వాదన నడిచింది. అతను తన దగ్గర మిగిలిన పాత ఇనుప పైపు వేస్తానన్నాడు. రాగి తాకిన నీళ్ళు జింకు పూత ఇనుపలోకి పోతే పూత తినేస్తుంది, తుప్పు నీళ్ళు వస్తాయి. మామూలు ప్లాస్టిక్ పైపు వేడికి మెత్తబడి వంగుతుంది. వేడినీళ్ళ కోసమే చేసిన సి.పి.వి.సి. పైపు వేయించి, దాని చుట్టూ నురుగు తొడుగు వేయించాము. దూరం కూడా ముఖ్యం. అరంగుళం పైపు పదిహేను మీటర్లు ఉంటే అందులో దాదాపు రెండు లీటర్ల చల్లారిన నీళ్ళు నిలిచి ఉంటాయి. కుళాయి తిప్పిన ప్రతిసారీ ముందు అవి రావాలి. మేము వాటిని పారబోయము, బర్రెల తొట్టిలోకి పోతాయి. క్యాన్లు కడిగే చోటికి దగ్గరి దారిన పైపు, స్నానాల గదికి చుట్టు దారిన పైపు వేయించుకున్నాము. ఇంట్లో కొందరికి ఇది నచ్చలేదు.

పగలు కాగిన నీళ్ళు తెల్లవారే దాకా వేడిగా నిలవడమే దీని అసలు పని. మంచి పూత ఉన్న ట్యాంకులో రాత్రికి కొన్ని డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. సాయంత్రం అందరూ స్నానాలకు వాడేస్తే తెల్లవారి క్యాన్లకు మిగలదు. అందుకని మా ఇంట్లో స్నానాలు పాలు పోసి వచ్చిన తరువాతే. మరిగే నీళ్ళు మాత్రం సోలారు ఇవ్వదు. 60 డిగ్రీల నీళ్ళు పదిహేను లీటర్లు తీసుకొని పొయ్యి మీద మరిగిస్తాము. చల్లనీళ్ళ నుంచి మరిగించేదానికి ఇది సగం వేడితో సరిపోతుంది. ఆ లెక్కన గ్యాసు బండ కూడా ఎక్కువ రోజులు వస్తున్నది.

కరెంటు గీజరుకు సంబంధించి రెండు ముక్కలు. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. నీళ్ళలోని ఉప్పు ట్యాంకును తినకుండా తాను అరిగిపోవడం దాని పని. ఏడాదికి ఒకసారి విప్పించి చూడాలి, అరిగితే మార్చాలి. ఈ సంగతి అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. రెండోది వాల్వు. వంద లీటర్ల నీళ్ళు కాగితే లీటరు పైచిలుకు పెరుగుతాయి. ఆ పెరిగినవి పోయే దారి అది. చుక్కలు కారుతున్నాయని దానికి బిరడా కొట్టరాదు.

రాయితీ గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఇంటిపై సోలారు కరెంటు పలకలకు రాయితీ ఉన్నది. అది కరెంటు పుట్టించే పలకలకు. నీళ్ళు కాచే సోలారు వేరు. దానికి కేంద్రం ఇచ్చిన రాయితీ 2014లో ఆగిపోయింది. రెండూ నల్లగా పైకప్పు మీదే ఉంటాయి గనుక కొందరు అమ్మకందార్లు ఒకదాని పేరు చెప్పి మరొకటి అంటగడుతున్నారు. సంతకం పెట్టే ముందు కాగితం చదివించుకోండి.

ఇక పాత బాయిలరు ఏమైందంటే, మా అవ్వ దాన్ని అమ్మనివ్వలేదు. ఆమె పెండ్లికి పుట్టింటివారు పెట్టిన సామాను. నాలుగు నెలలు అది కొట్టం మూలన ఉన్నది. ఎవరూ బలవంతం చేయలేదు. ఒకనాడు కొత్త కుళాయి కింద తన చేత్తో క్యాను కడిగి, ఆ తరువాత తానే పాత సామాన్లవాణ్ణి పిలిచింది. తూకం దగ్గర పీట వేసుకొని కూర్చుంది. ఇనుప జల్లెడ విప్పించింది. ఇత్తడి తూము వేరు, రాగి వేరు అని రెండు తూకాలు వేయించింది. వాడు సున్నానికని రెండు కిలోలు తరుగు తీస్తానంటే, సుత్తెతో రాయి కొట్టించి, రాలినదే తూకం వేయించింది. కిలోకు తక్కువే వచ్చింది. ఆ డబ్బు సోలారు ఖర్చులో చిన్న భాగమే గాని, బేరం ఆమెది. పై మూత ఒకటి ఉంచుకుంది. ఎందుకని మేము అడగలేదు.

రాగి అండా మిగిలింది, పాలు పోసుకోవచ్చా అని పక్క వాడలో ఒకరు అడిగారు. పోయరాదు. రాగి ఏ కొంచెం కలిసినా పాలలోని వెన్న చెడి, తడిసిన అట్ట వాసన వస్తుంది. పులిసిన కుడితి కూడా కళాయి లేని రాగిలో ఉంచరాదు. ఇటుకల తొట్టిని మాత్రం మేము పగలగొట్టించాము. వాడని తొట్టిలో వాననీళ్ళు నిలిస్తే వారం పది రోజుల్లో డెంగీ దోమలు పుడతాయి. పశువులున్న ఇంటిని చూసి ఇరుగుపొరుగు ముందే ముక్కు మూసుకుంటున్నారు. ఆ నింద కూడా ఎందుకు?

రెండు బర్రెలున్నవారు ఇదంతా విని భయపడవద్దు. వారికి సోలారు అక్కరలేదని మా అభిప్రాయం. పది లీటర్లు పట్టే మూతగల స్టీలు గిన్నె ఒకటి పాల సామానుకే వేరుగా పెట్టుకొని, పొయ్యి మీద మరిగించుకుంటే వారి క్యాను మా క్యానుతో సమానంగా ఉంటుంది. నలుగురైదుగురు ఒకే వాడలో ఉంటే సంఘం పాలు పోసే చోట ఒక సోలారు పెట్టి, క్యాన్లు అక్కడే కడుక్కునే ఏర్పాటు గురించి కమిటీవారు ఆలోచించాలని కోరుతున్నాము. నీళ్ళ కొలత, కడిగే వేళలు రాసి ఇమ్మంటే మేము రాసి ఇస్తాము.

మా ఏర్పాటు చూడదలచినవారు పొద్దున పాలు పోసిన తరువాత ఎప్పుడైనా రావచ్చు. నిచ్చెన గట్టిదే. గాజు గొట్టాలను మాత్రం చేత్తో తాకవద్దు.